తగిలినవాడే చెప్పాలి

పోయిన వారం అక్కని మనం ఆసుపత్రి మెట్ల మీద వదిలేసి వచ్చాం. ఒళ్ళో తమ్ముడి బూట్లు పెట్టుకుని, వాటి లేసులు ముడి వేస్తూ, మళ్ళీ విప్పుతూ కూర్చుంది. లోపల తమ్ముడి ఎడమ కంటికి ఆపరేషన్ జరుగుతోంది. పాత గోడౌనులో ఆదివారం ఆట, చివరి రౌండు, నూనె పీపాల వెనక నుంచి వచ్చిన ఒక్క స్పాంజి తూటా, పగిలిన కళ్ళజోడు. జరిగిందంతా అంతే. వేలెడంత స్పాంజి ముక్క, కొసన చిన్న రబ్బరు టోపీ. పిల్లల బొమ్మ తుపాకుల్లో పెట్టేదే. దానికి నలభై ఏళ్ళ మనిషి కన్ను పట్టుకుని కుప్పకూలాడంటే విన్నవాళ్ళెవరూ మొదట నమ్మలేదు.

కొట్టింది ఎవరో ఇంతవరకూ తేలలేదు. కట్టు పదో రోజున విప్పుతామన్నారు. ఇవాళే ఆ పదో రోజు.

పొద్దున్నే లేచి అక్క తమ్ముడి చొక్కాలు ఇస్త్రీ చేసింది. ఆసుపత్రికి ఒక్కటి చాలు. నాలుగు చేసింది. అందులో బస్సు యూనిఫారం కూడా ఉంది. దాన్ని ఎందుకు తీసిందో ఆమెకే తెలియదు. జేబు మీద డిపో బిళ్ళ గుచ్చేచోట బట్ట అరిగి రెండు చిల్లులు పడ్డాయి. ఇస్త్రీపెట్టె వాటి మీదకి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. పదిహేడేళ్ళుగా వాడు అదే రూటులో బస్సు నడుపుతున్నాడు. డిపో డాక్టరు ఏటా ఒక కన్ను మూయించి, తర్వాత రెండో కన్ను మూయించి గోడ మీది అక్షరాలు చదివిస్తాడు. కళ్ళజోడు పెట్టుకుని చదివినా పర్వాలేదు. ఒంటికన్ను డ్రైవరుకి మాత్రం బండి ఇవ్వరు. ఇందులో బతిమాలుకోవడానికేమీ లేదు.

వాడి కళ్ళజోళ్ళు మొదటి నుంచీ అక్క చేసినవే. పెద్ద బజారులోని కళ్ళద్దాల దుకాణంలో, వెనక గదిలో ఆమెది ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం. గుండ్రంగా వచ్చిన అద్దాన్ని ఫ్రేములో కూర్చునేలా అంచులు సానబెట్టి బిగించడం. తెల్లటి పొడి ఎప్పుడూ గోళ్ళ సందుల్లో ఉండేది. తమ్ముడు హైస్కూల్లో ఉన్నప్పుడు అది చూసి, "అక్కా, నువ్వు చాక్‌పీసులు తింటావా?" అనేవాడు.

అమ్మ పోయినప్పుడు వాడికి అయిదేళ్ళు, ఆమెకి పదహారు. ఆ రోజు ఇంటినిండా జనం. వాడు ఏడవలేదు. తలుపు మూల నిలబడి, వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ చూసి చూసి, చివరికి ఆమె చెంగు పట్టుకుని ఒక్కటే అడిగాడు.

"నువ్వు కూడా వెళ్ళిపోతావా అక్కా?"

"వెళ్ళను."

పెళ్ళిచూపుల్లో అందరి ముందూ తలెత్తి చెప్పేసింది. "నాతో పాటు వీడూ వస్తాడు. ఇష్టమైతేనే." పెళ్ళికొడుకు నవ్వి, "వీడు నాకు సెల్యూట్ కొడితే ఒప్పుకుంటా" అన్నాడు. వాడు కొట్టాడు, అదీ ఎడమ చేత్తో.

ఆ పెళ్ళికొడుకే మన మేజరు. నిజం మేజరు కాదు. పంతొమ్మిదేళ్ళప్పుడు సైన్యంలో చేరబోతే, పాదాలు చదునుగా ఉన్నాయని వరసలోంచి పక్కకి లాగేశారట. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు పెయింట్ల దుకాణంలో రంగులు కలిపాడు. సైన్యం మాత్రం ఆయన్ని వదల్లేదు. ఇంట్లో గోడ అరల నిండా అట్టతో, ప్లాస్టిక్కుతో చేసిన ట్యాంకులు, జీపులు, విమానాలు. ఒక్కో ట్యాంకుకి బురద రంగు కలపడానికి నాలుగు రోజులు తీసుకునేవాడు. "ఎండిన బురద వేరు, తడి బురద వేరు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ పాఠం చెప్పేవాడు.

ఆట ఇంట్లోకి వచ్చింది తమ్ముడి వల్ల. మూడేళ్ళ కిందట వాడి పెళ్ళాం ఒక మధ్యాహ్నం రెండు బ్యాగులు సర్దుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి మరీ వెళ్ళింది. ధడాలున వేసి పోయినా వాడికి కాస్త తేలిగ్గా ఉండేదేమో. ఆ తర్వాత డ్యూటీ దిగి వచ్చి టీవీ ముందు కూర్చునేవాడు, టీవీ పెట్టకుండానే. అలా ఏడాది. ఒక ఆదివారం డిపోలో ఎవరో ఆ గోడౌనుకి లాక్కెళ్ళారు. సాయంత్రానికి మోకాళ్ళు దోక్కుపోయి, ఒళ్ళంతా దుమ్ముతో వచ్చి, రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

"ఏం చేసొచ్చావురా?" అంది అక్క.

"యుద్ధం."

ఆ మాట వినగానే మేజరు కుర్చీలోంచి లేచిన తీరు అక్కకి ఇంకా కళ్ళకి కట్టినట్టుంది.

మొదట్లో ఆమె ఇద్దర్నీ దులిపేసింది. "గడ్డాలు నెరుస్తుంటే బొమ్మ తుపాకులేంట్రా? రేపు గోలీలాడతారా?" అని. ఒకసారి మేజరు నీళ్ళ సీసా మరిచిపోతే ఇవ్వడానికి గోడౌనుకి వెళ్ళింది. ఎవరో చేతిలో ఒక బ్లాస్టర్, అదే ఆ బొమ్మ తుపాకీ, పెట్టారు. పీపా వెనక నిలబడి, సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబట్టినట్టు బిగబట్టి, పళ్ళ డాక్టర్ని, బ్యాంకు గుమస్తాని, సొంత మొగుణ్ణి వరసగా కొట్టేసింది. ఆ రోజు నుంచి జట్టులో ఆమె పేరు సూది.

ఆ ఆటకి ఒక పద్ధతి ఉంది. రిఫరీ ఉండడు. స్పాంజి తూటా మరక చెయ్యదు, నొప్పి పెట్టదు, ఎవరికి తగిలిందో పైవాళ్ళకి తెలిసే దారి లేదు. అందుకని తగిలినవాడే చెయ్యెత్తి, "తగిలింది" అని గీత బయటికి రావాలి. కొట్టినవాడు "నేను కొట్టాను" అని ఎన్నడూ అనకూడదు. అంటే గొడవలొస్తాయని. అన్నవాణ్ణి ఆ రోజుకి ఇంటికి పంపేస్తారు.

తమ్ముడి నిజాయితీ జట్టంతటికీ నవ్వులాట. చొక్కా అంచుకి రాసుకుపోయినా చెయ్యెత్తేసేవాడు. ఒకసారి కప్పు నుంచి నీటిచుక్క మెడ మీద పడితే, "తగిలింది" అని బయటికి వచ్చేశాడు. మేజరు దానికి పూర్తిగా ఎదురు. ఆయనకి ఎప్పుడూ ఏదీ తగలదు. ఛాతీ మీద తూటా ఠప్పుమని పడి కిందికి జారుతున్నా, "గాలి" అనేవాడు. పక్షి ఈక తగిలినా చెప్పే తమ్ముడూ, ఫిరంగి తగిలినా చెప్పని బావా అని చెప్పుకునేవాళ్ళు.

అక్క ఇస్త్రీపెట్టె ఆపి ముందు గదిలోకి వచ్చింది. మేజరు నేల మీద కూర్చుని ఉన్నాడు. గోడ అరలు బోసిగా ఉన్నాయి. ట్యాంకులు, జీపులు అన్నీ రెండు అట్టపెట్టెల్లో, పాత పేపర్లు చుట్టుకుని పడుకున్నాయి. అరల మీద దుమ్ములో వాటి అడుగుల అచ్చులు మాత్రం మిగిలాయి.

"ఏం చేస్తున్నారు?"

"సర్దుతున్నా."

"ఇవాళా? పదింటికి బయల్దేరాలి కదండీ."

"తెలుసు. నువ్విలా కూర్చో."

ముందు పరిచిన పేపరు మీద ఆయన బ్లాస్టర్ విప్పదీసి ఉంది. మరలన్నీ వరసగా, ఆయన ట్యాంకు భాగాలు పేర్చినంత శ్రద్ధగా పేర్చి ఉన్నాయి. చివర రెండు స్ప్రింగులు. ఒకటి సన్నం. ఇంకొకటి దానికి రెట్టింపు లావు, నల్లగా మెరుస్తోంది.

"ఇది తుపాకీతో వచ్చింది. ఇది నేను తెప్పించుకున్నది" అన్నాడు.

"గేటు దగ్గర తూటా వేగం కొలిచి, మించితే ఆపేస్తారు కదా?"

"కొలిపించుకున్నాక మార్చేవాణ్ణి. దొడ్డి గదిలోకెళ్ళి. రెండు నిమిషాల పని." ఆయన నల్ల స్ప్రింగుని వేలితో దొర్లించాడు. అది పేపరు అంచుదాకా పోయి ఆగింది. "ఆ రోజు పీపాల వెనక ఉన్నది నేనే."

అక్క గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. ఆమెకి ముందు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఊపిరి వచ్చింది. పది రోజుల తర్వాత నిండుగా ఒక్క ఊపిరి. అది వచ్చినందుకు మరుక్షణం ఆమె ఒళ్ళు జలదరించింది.

"వాడు అంత దగ్గర్లో ఉన్నాడని నాకు తెలీదే" అంటున్నాడు మేజరు. "తల బయటపెట్టాడు. నేను నొక్కేశా. వాడు పడిపోతే ముందు గెలిచాననుకున్నా. చూడూ, గెలిచాననుకున్నా నేను."

"ఎందుకు మార్చారు స్ప్రింగు?"

"పరిగెత్తలేక. యాభై ఆరేళ్ళొచ్చాయి, ఈ పాదాలు ఇలాంటివి. పరిగెత్తలేనివాడికి దూరమైనా అందాలి కదా అనుకున్నా." ఆయన తన పాదాలకేసి చూసుకున్నాడు. "అసలు నాకు అర్థం కానిది ఒక్కటే. పగలని అద్దం కదే అది! నువ్వే చేశావు. జట్టులో అందరి ముందూ అలాంటిదాన్ని నేల మీద పెట్టి బూటు మడమతో తొక్కి చూపించావు. గీత కూడా పడలేదు. అలాంటి అద్దాన్ని పగలగొట్టిందంటే నా స్ప్రింగు ఇంకెంత పాపిష్టిదో చూడు."

అక్క నోరు తెరిచింది.

పది రోజులుగా ఆమె గొంతులో అడ్డంపడి ఉన్నది అదే. రెండు నెలల కిందట తమ్ముడి పవర్ మారింది. ఆటలో పెట్టుకునే గాగుల్స్‌కి పగలని రకం అద్దమే వెయ్యాలి. ఆ పవర్లో ఆ రకం రావడానికి పన్నెండు రోజులు పడుతుందన్నారు. వచ్చే ఆదివారమే పక్క ఊరి జట్టుతో పోటీ.

"ఒక్క ఆదివారం అక్కా! పాతవాటితో అందరూ అలుక్కుపోయినట్టు కనపడుతున్నారు. మొన్న మావాణ్ణే కొట్టేశా. నీ దగ్గర ఏ అద్దం ఉంటే అది వేసెయ్యి."

"మామూలుది పగిలిపోతుందిరా."

"దేనికి? స్పాంజికా?" అని పగలబడి నవ్వాడు వాడు.

ఆమె కూడా నవ్వింది. చూస్తే బొమ్మ తూటా. మామూలు అద్దమే తీసి, బరువుంటే చెమటకి జారుతుందంటాడని పలచగా సానబెట్టి బిగించింది. ఒక్క ఆదివారానికని. అసలు అద్దాలు పన్నెండో రోజున వచ్చాయి. కాగితం కవరులో, పైన "తమ్ముడు" అని ఆమె చేత్తోనే రాసి, పనిబల్ల సొరుగులో పెట్టింది. ప్రతి శనివారం గుర్తొచ్చేది. ప్రతి శనివారం దుకాణంలో జనం, చేతినిండా పని. రేపటి ఆట కానీ, సోమవారం మారుస్తాననుకునేది. అలా అయిదు ఆదివారాలు గడిచాయి. కవరు ఇప్పటికీ సొరుగులోనే ఉంది. వాడు మాత్రం ఆ అద్దాలు ఎప్పుడో మారిపోయాయనే అనుకున్నాడు. అక్క ఒక వారం గాగుల్స్ తీసుకెళ్ళి తుడిచి తెచ్చి ఇచ్చింది మరి. ఇస్తూ ఏమీ అనలేదు. వాడూ అడగలేదు.

చెప్పాల్సింది ఎంత? "అది ఆ అద్దం కాదండీ." నాలుగు ముక్కలు.

తెరిచిన నోట్లోంచి వేరే మాటలు వచ్చాయి.

"మీకసలు ఎలా చెయ్యబుద్ధేసిందండీ? దొంగచాటుగా స్ప్రింగు మార్చుకోడానికి మీరేమన్నా చిన్నపిల్లాడా? బావా బావా అంటూ మీ వెనకే తిరిగాడు కదా వాడు! మీ భుజాల మీద ఎక్కి తిరిగాడు. ఇప్పుడు వాడు స్టీరింగు ముందు కూర్చోగలడా? ఆ బస్సు తప్ప వాడికి ఇంకేం మిగిలిందని? పదిరోజులు నోరు మూసుకుని నా పక్కన ఎలా పడుకున్నారు?"

ఒక్కో మాటకీ మేజరు తల ఇంకాస్త వంగిపోయింది. ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఒక్కటీ ఆయన ఒక్కడిదే కాదు. ఆయన్ని తిట్టేకొద్దీ ఆమెకి ఛాతీ మీది బరువు దిగుతోంది. అలా దిగుతోందని తెలిసి కూడా ఆపలేకపోయింది. చివరికి మాటలు అయిపోయి తనే ఆగింది. గదిలో ఇస్త్రీ బట్టల వేడి వాసన మిగిలింది.

"ఇవాళ వాడికి చెప్పేస్తా" అన్నాడు మేజరు.

"ఇవాళ వద్దు."

"ఎప్పుడు మరి? రేపైతే నాకు ధైర్యం ఉండదు. నాకు తెలుసు కదా నా సంగతి. జన్మలో ఒక్కసారి తగిలిందని చెప్పినవాణ్ణి కాదు." ఆయన తలెత్తి ఆమెకేసి చూశాడు. కళ్ళు ఎర్రగా, పసిపిల్లాడి కళ్ళల్లే ఉన్నాయి. "నువ్వు నన్ను వదిలేసి పోవు కదా?"

అయిదేళ్ళ పిల్లాడు అడిగిన ప్రశ్నే. ముప్పై అయిదేళ్ళ కిందట "వెళ్ళను" అని చెప్పడానికి ఆమెకి క్షణం పట్టలేదు. ఇవాళ నాలుక కదల్లేదు. వెళ్ళిపోవాల్సింది ఎవరో, వదిలెయ్యాల్సింది ఎవర్నో, అది తెలిస్తే ఆయన ఈ ప్రశ్న అడిగేవాడే కాదు.

"లేవండి" అంది. "బస్సు టైమైంది."

బస్సు తమ్ముడి రూటుదే. స్టీరింగు ముందు ఎవరో కుర్ర డ్రైవరు. ఆమెని గుర్తుపట్టి ఇంజను ఆపకుండానే లేచాడు.

"అక్కా, ఇవాళే కదా కట్టు విప్పేది? అన్నని తొందరగా రమ్మనండి. ఆయన మెత్త ఇదిగో, సీటు కిందే దాచా. ఇంకెవరన్నా కూర్చుంటే నలిగిపోద్దని."

మరకల మెత్త. నాలుగేళ్ళ కిందట అక్క కుట్టి ఇచ్చిందే. ఆమె సరేనని తలూపి, వెనక సీటుదాకా నడిచి వెళ్ళి కూర్చుంది. దారంతా మేజరు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నిటారుగా, శిక్ష పడ్డ సిపాయిలా కూర్చున్నాడు.

వార్డులో ఆరు మంచాలు. కిటికీ పక్కది తమ్ముడిది. గడ్డం చేసుకుని, తల దువ్వుకుని రెడీగా ఉన్నాడు.

"అక్కా, నాలుగు చొక్కాలు తెచ్చావేంటి? నాకు పెళ్ళిచూపులా?"

"మాట్లాడకు, పడుకో."

"బావా, ఏంటి అలా ఉన్నావు? ట్యాంకు విరిగిందా?"

మేజరు నవ్వబోయి మానేశాడు.

పదకొండింటికి డాక్టరమ్మ వచ్చింది. నడివయసు మనిషి, చేతులు నెమ్మది. కట్టు చుట్టు తర్వాత చుట్టు విప్పుతుంటే అక్క మనసులో లెక్కపెట్టింది. తొమ్మిది చుట్లు. చివరి దూది తీసేసరికి కంటి చుట్టూ చర్మం తెల్లగా నాని, ముడతలు పడి ఉంది. రెప్ప నెమ్మదిగా లేచింది. డాక్టరమ్మ అతని కుడికన్ను అరచేత్తో మూసి, జేబులోంచి చిన్న టార్చి తీసింది.

"ఇటు చూడండి. ఏమైనా తెలుస్తోందా?"

"ఏం తెలియాలి?"

"వెలుగు."

"వెలిగించారా?" అన్నాడు తమ్ముడు.

డాక్టరమ్మ టార్చి ఇంకొంచెం దగ్గరికి తెచ్చింది. పక్కకి జరిపింది. మళ్ళీ దగ్గరికి తెచ్చింది. తర్వాత ఆర్పేసి, అతని కుడికంటి మీంచి చెయ్యి తీసి, ఆ చేతినే అతని భుజం మీద వేసింది. కొన్నాళ్ళు చూద్దాం అంది. పూర్తిగా ఆశ పెట్టుకోవద్దని కూడా అంది. ఆ రెండు మాటల మధ్య పెద్ద తేడా ఉన్నట్టు అక్కకి అనిపించలేదు.

"సరే" అన్నాడు తమ్ముడు. నడిదారిలో బండి ఆగిపోతే, ఇక కదలదు, దిగండని జనానికి చెప్పే గొంతు అది. అందులో కోపం లేదు, కంగారు లేదు. దించాల్సినవాళ్ళని దించడమే. "ఎడమ పక్కనే జనం దిగేది" అన్నాడు కాసేపటికి, తనలో తనే. "అటే కనపడకపోతే ఇంకెలా?"

అక్క మంచం కోడు పట్టుకుంది.

"ఏడవకే. నీకు పని సగం తగ్గింది చూడు. ఇకనుంచి నాకు ఒక్క అద్దం సానబెడితే చాలు."

ఆ మాటకి పక్క మంచం ముసలాయన కిసుక్కున నవ్వి, వెంటనే నాలుక్కరుచుకుని గోడవైపు తిరిగిపోయాడు. డాక్టరమ్మ కేసు కాగితం మీద ఏదో రాసి వెళ్ళిపోయింది.

మేజరు మంచం చివర నిలబడి ఉన్నాడు. రెండు మడమలు దగ్గరికి చేర్చాడు. చేతులు పక్కకి వదిలాడు. అక్క ఆయన ముఖం చూసి, ఇప్పుడు కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆయన ఆమెని చూడలేదు.

"ఒరేయ్. కొట్టింది నేనేరా."

తమ్ముడు తల తిప్పి ఒంటికన్నుతో ఆయన్ని వెతుక్కున్నాడు. ఇంతకుముందు అవసరం లేనంత తిప్పాల్సి వచ్చింది.

"స్ప్రింగు మార్చా. కొలిపించాక మార్చా. అందరూ అడిగారు, నోరు విప్పలేదు. నేనేరా."

"బావా, ఆటలో ఆ మాట అనకూడదు" అన్నాడు తమ్ముడు. "ఇంటికి పంపేస్తారు."

"నవ్వులాట కాదురా!"

"తెలుసు." తమ్ముడు దుప్పటి అంచు సర్దుకున్నాడు. "చూశానుగా నిన్ను. పీపాల సందులోంచి. నీ టోపీ వంకరగా ఉంది, సరిచేసుకో అని చెబుదామనుకునేలోపే... ఈ కన్ను ఆఖరున చూసింది నిన్నే బావా."

మేజరు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఆయన వీపు ఎగిరెగిరి పడింది. తమ్ముడు కాళ్ళు ముడుచుకుని, మంచం మీద చోటిచ్చి, "కూర్చో" అన్నాడు. ఆయన కూర్చోలేదు.

"నీ మీద నాకేం లేదు బావా. స్ప్రింగు మార్చడం తప్పే. కానీ ఎంత మార్చినా స్పాంజి స్పాంజే కదా. దెబ్బ తగిలేది, కన్ను వాచేది, నాలుగు రోజులకి తగ్గేది. ఆ అద్దం పగలకపోతే." ఇక్కడ వాడి గొంతులోకి మొదటిసారి కోపం వచ్చింది. "ఆ అద్దం పగలకూడదు. సుత్తితో కొట్టినా పగలదని రాసి అమ్ముతున్నారు కదా! మన జట్టులో ఇంకో నలుగురు అవే పెట్టుకుంటున్నారు. పళ్ళ డాక్టరు, ఆ బ్యాంకాయనా... వచ్చే ఆదివారం వాళ్ళ కళ్ళకేం పూచీ? పదిరోజులు పడుకుని అదే ఆలోచించా. ఆ అద్దాలు చేసేవాళ్ళని నేను వదలను అక్కా. ఇది చూడు."

తలగడ కింద చెయ్యి పెట్టి ఒక చిన్న మందుసీసా తీశాడు. నీళ్ళలాంటి ద్రవంలో మూడు ముక్కలు. ఆపరేషన్‌లో కంట్లోంచి తీసినవి. అడిగి దాచిపెట్టించుకున్నాడట.

"డాక్టరమ్మ అంటుంది, పగలని రకమైతే ఇలా బాకుల్లా విరగదట. మామూలు అద్దంలా ఉందంటుంది. నేనన్నా, 'చేసింది మా అక్కండీ, మా అక్క పొరపాటు చెయ్యదు. కంపెనీవాడే ఆమెకి దొంగసరుకు అంటగట్టుంటాడు' అని. నాకంటే ఆవిడకంటే నీకు బాగా తెలుస్తుంది. చూసి చెప్పు."

సీసా ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. వాడి చెయ్యి వెచ్చగా ఉంది.

అక్క కిటికీ దగ్గరికి వెళ్ళి సీసా వెలుగుకి ఎత్తింది. చూడక్కర్లేదు. అయినా చూసింది. ఇరవై ఆరేళ్ళ అలవాటు, అద్దం చేతికొస్తే వెలుగుకి ఎత్తడం. రెండు ముక్కలు ముళ్ళలా ఉన్నాయి. మూడోది కాస్త పెద్దది, దానికి ఒక పక్క అంచు మిగిలింది. ఆ అంచు వాలు ఆమె చేతి వాలే. యంత్రం మీద అద్దాన్ని పట్టేటప్పుడు ఆమె బొటనవేలు కొంచెం ఎక్కువ నొక్కుతుంది, ఒకవైపు వెంట్రుకవాసి ఎక్కువ అరుగుతుంది. ఆ వాలు కింద ఒక సన్నటి గీత. ఎడమ అద్దానికి గుర్తుగా ఆమె గీసుకునే ఒంటి గీత, ఫ్రేములో దాగిపోయేది. సగం గీత విరిగిపోయింది. సగం తమ్ముడి కంట్లోకి వెళ్ళి, మళ్ళీ బయటికి వచ్చి, ఇలా ఆమె ముందు తేలుతోంది.

దొంగసరుకు. వాడే నోటికి అందించాడు. "అవునురా, దొంగసరుకే" అంటే చాలు. సొరుగులోని కవరు ఇవాళ సాయంత్రమే ఎక్కడైనా పారెయ్యొచ్చు. వాడు జీవితాంతం ఆ కంపెనీవాణ్ణి తిట్టుకుంటాడు. ఉన్న ఒక్క కంటితో ఆమెని మాత్రం ఇవాళ్టిలాగే చూస్తాడు. చెబితే? అమ్మ వెళ్ళింది, పెళ్ళాం వెళ్ళింది, కన్ను వెళ్ళింది, బస్సు వెళ్ళిపోతోంది. "నువ్వు కూడానా అక్కా" అని ఈసారి వాడు పైకి అడగడు. గోడవైపు తిరిగి పడుకుంటాడు, అంతే.

వెనక మేజరు ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఆయన మంచం చివర ఇంకా నిలబడే ఉన్నాడు. జన్మలో ఒక్కసారి చెప్పనివాడు చెప్పేసి, తేలిగ్గా కాదు, ఖాళీగా నిలబడ్డాడు.

"ఏంటక్కా, అంతసేపా? ఏ రకం అది?"

ఆమె ఇటు తిరిగింది. తమ్ముడు ఆమెని చూడ్డానికి తల పూర్తిగా పక్కకి తిప్పుకుని ఉన్నాడు. కిటికీ వెలుగు వాడి రెండు కళ్ళ మీదా పడుతోంది. ఒకటి ముడుచుకుంటోంది. రెండోది అలాగే తెరుచుకుని ఉంది.

సీసా ఉన్న చెయ్యి కిందికి దిగింది. ఖాళీగా ఉన్న చెయ్యి తనంతట తానే లేచింది. నడుము దాకా, భుజం దాకా, తల మీదికి. గోడౌనులో వందసార్లు లేచిన చెయ్యే. పక్క మంచం ముసలాయన కూడా ఇటు తిరిగి చూస్తున్నాడు.

"తగిలింది" అంది అక్క.

మేజరు తలెత్తాడు. ఆమె చేతికేసి, సీసాకేసి, మళ్ళీ ఆమె మొహంకేసి చూశాడు. ఆయన మొహంలో రక్తం ఇంకిపోయింది.

తమ్ముడికి మాత్రం నవ్వొచ్చింది. తనని నవ్వించడానికే అక్క ఆడుతోందనుకున్నాడు. పదిరోజుల తర్వాత మొదటిసారి మనసారా నవ్వుతూ అడిగాడు.

"నీకెక్కడ తగిలిందే అక్కా?"